తీగ ఊడాక నిలిచిపోయిన అంకె

నా ఉద్యోగం తీగలు పీకడం. నవ్వకండి, వేళాకోళం కాదు. ఇంజనీరింగు చదివి, పదేళ్లుగా పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరింటి దాకా నేను చేసేది మెషిన్‌కి తీగ తగిలించడం, లాగడం, లాగాక ఏమైందో కాగితం మీద రాయడం. టెస్టర్ అంటారు. మా అత్తగారు చుట్టాలకి "మా కోడలు కంప్యూటర్లకి డాక్టరు" అని చెప్పుకుంటుంది. నేను సరిదిద్దను. ఇంట్లో ఆ మాత్రం పరువు ఉండనీ అని ఊరుకుంటాను.

అయితే ఇప్పుడు చెప్పబోయేది నా గురించి కాదు. మా ఆఫీసులో చీపురు అని పేరుపడ్డ ఒక పెద్దమనిషి గురించి. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి ఆ పాపం కూడా నాదే.

మా కంపెనీలో పద్నాలుగు మందిమి. కింద కుర్చీలకీ బల్లలకీ పాలిష్ పెట్టే దుకాణం, పైన మేము. ఎండాకాలం ఆ వార్నిష్ వాసనకి తల తిరుగుతుంది. మేం తయారుచేసేది ఆసుపత్రుల్లో మంచం పక్కన పెట్టే మానిటర్. రోగి వేలికీ ఛాతీకీ అంటించిన తీగలన్నీ అరచేయంత పెట్టెలోకి వెళ్తాయి. ఆ పెట్టె నుంచి ఒకే ఒక్క తీగ మానిటర్ వెనక్కి వెళ్లి తగులుకుంటుంది. గుండె ఎంత కొట్టుకుంటోంది, ఊపిరి ఎలా ఉంది, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుంది, అన్నీ తెర మీద అంకెలుగా కనిపిస్తాయి.

ఆ పెద్దమనిషికి యాభై ఎనిమిదేళ్లు. సన్నటి మనిషి. సరిగ్గా మూసుకోని కిటికీ పక్కన కూర్చుంటారు, వానజల్లు పడితే కుర్చీని జానెడు ఇవతలికి జరుపుకుంటారు తప్ప ఎవరికీ ఫిర్యాదు చెయ్యరు. నేను చేరిన కొత్తలో "అంకుల్" అంటే, "అంకుల్ ఏమిటే, బాబాయ్ అను, ఏం అరిగిపోతావా?" అన్నారు. అప్పట్నుంచి బాబాయే.

బాబాయి పని కెర్నెల్‌లో. కెర్నెల్ అంటే కంప్యూటర్లో అన్నిటికన్నా అడుగున ఉండి అన్నిటినీ మోసే ప్రోగ్రాం. ఏ పరికరం తగిలించినా దాని భాష కెర్నెల్‌కి తెలియజెప్పే చిన్న ప్రోగ్రాం ఒకటి కావాలి. దాన్ని డ్రైవర్ అంటారు. ప్రతి డ్రైవర్‌లోనూ పరికరం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్పే భాగం ఒకటి, పోయినప్పుడు ఏం చెయ్యాలో చెప్పే భాగం ఒకటి ఉంటాయి. బాబాయి వాటిని రాక, పోక అనేవారు.

"రాక అందరూ ప్రేమగా రాస్తారే అమ్మాయ్. పోక మాత్రం క్యారేజీ మూత తీస్తూ రాస్తారు," అనేవారు.

మేం వాడే కెర్నెల్ మా సొంతం కాదు. లోకంలో వేలమంది కలిసి రాసుకుంటున్నది, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అందులో కొన్నాళ్లుగా ఒక పెద్ద సర్దుడు కార్యక్రమం నడుస్తోంది. పాతకాలం నుంచీ ప్రతి పోక భాగమూ చివర్లో కెర్నెల్‌కి ఒక జవాబు చెప్పాలి. "సరే, సర్దేశాను" అనో, "కుదరదు, పనిలో ఉన్నాను" అనో. తమాషా ఏమిటంటే ఆ జవాబు ఎవరూ వినరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పరికరం పోయాక కుదరదంటే మాత్రం ఎవడాగుతాడు? అందుకని ఈ జవాబులు పీకేద్దాం, పోక భాగం నోరు మూసుకుని సర్దే పని సర్దితే చాలు అని పెద్దలు తీర్మానించారు. డ్రైవర్లు చూస్తే వేలల్లో ఉన్నాయి. ఒక్కొక్కటీ మనిషి కూర్చుని చదివి, మార్చాలి.

ఆ వెట్టిచాకిరీకి మా బాబాయి చెయ్యెత్తారు. రోజూ పొద్దున ఒక గంట. ఎవరో ఎక్కడో రాసిన డ్రైవర్లు, మనం జన్మలో చూడని ప్రింటర్లవీ, తూకం మెషిన్లవీ, తెరిచి పోక భాగం ఊడ్చి, తుడిచి పంపేవారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆఫీసులో కుర్రాళ్లంతా కొత్త కొత్త హంగులు రాసి చప్పట్లు కొట్టించుకుంటుంటే నాకు చిర్రెత్తుకొచ్చి, "మీరేమిటి బాబాయ్, ఊళ్లో వాకిళ్లన్నీ ఊడుస్తూ కూర్చున్నారు? చీపురులాగా!" అన్నాను. అది కాస్తా అందరి నోళ్లలో పడింది. ఆయనకి కోపం రాకపోగా, "బాగుందే పేరు, ఇంతకుముందు నాకు పేరే లేదు" అన్నారు.

ఇదేం పిచ్చి అని ఒకసారి గట్టిగా అడిగితే, వాళ్ల నాన్న సంగతి చెప్పారు. ఆయన సభలకీ పెళ్లిళ్లకీ టెంట్లు వేసేవాడట. కాలేజీ సెలవుల్లో ఈయనా వెళ్లేవారట.

"వెయ్యడానికి పాతికమంది ఎగబడతారే. భోజనాలయ్యాక విప్పడానికి మా నాన్నా, నేనూ, ఇంకో ఇద్దరం. అసలు ప్రమాదమంతా విప్పడంలోనే. చివర కట్టిన తాడు ముందు విప్పాలి, ముందు పాతిన గుంజ చివర పీకాలి. ఎవడైనా తెలివి ఎక్కువై నడిమి గుంజ ముందు లాగాడో, గుడ్డంతా నెత్తినపడుతుంది. డ్రైవర్లూ అంతే. ఏ వరసలో కట్టావో దానికి ఎదురు వరసలో విప్పుకు రావాలి."

ఆ కెర్నెల్ వాళ్ల లోకంలో ఇంకో ఆనవాయితీ ఉంది. అది తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. ఎవరు ఏ మార్పు పంపినా కింద ఎందుకు మార్చారో రాయాలి. అది పాత తప్పుకి దిద్దుబాటు అయితే ఇంకో లైను కూడా కలపాలి: ఈ తప్పు ఫలానా నంబరు మార్పుతో వచ్చింది అని. ఆ నంబరు పట్టుకుని వెనక్కి వెళితే, ఎవరు రాశారో, ఏ తేదీన రాశారో పేరుతో సహా ఉంటుంది. తిట్టుకోవడానికి కాదట. తప్పు ఎప్పటిదో తెలియాలని మాత్రమే. నాకైతే ఆ పద్ధతి వినగానే ఒళ్లు జలదరించింది. మా ఇంట్లో ఆ పద్ధతే పెడితే సాయంత్రానికి ఎవరి మొహం ఎవరూ చూసుకోరు.

ఇక అసలు విషయం. వానాకాలం మొదట్లో ఒక ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. అక్కడి వార్డులో ఒక నర్సు, సిస్టర్ అందాం, ఒక రోగికి దుప్పటి మార్చింది. మార్చాక మానిటర్ చూసింది. నాడి డెబ్భై ఆరు, అంతా బాగుంది. పక్క మంచం దగ్గరికి వెళ్లింది. పదకొండు నిమిషాల తర్వాత నేల తుడవడానికి వచ్చినామె, ఆ రోగి పెదాలు నీలంగా ఉన్నాయని కేక వేసింది. అప్పటికీ తెర మీద డెబ్భై ఆరే. వెనక్కి చూస్తే తీగ ఊడి కింద వేలాడుతోంది. ఆయన బతికాడు. మాట మాత్రం తడబడుతోందట.

మా సారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు, ముందే చెబుతున్నాను. సొంత ఇంటి మేడ మీద మొదలుపెట్టి పద్నాలుగు కుటుంబాలకి అన్నం పెడుతున్న మనిషి. ఆ రోజు మాత్రం మొహంలో నెత్తురు లేదు.

"మన పుస్తకంలో ఏముందమ్మా? తెర మీద 'తొలగించు' బటన్ నొక్కి, పచ్చదీపం వెలిగాకే తీగ లాగాలని ఉంది కదా?"

"ఉంది సార్."

"అలా లాగితే ఎప్పుడైనా అంకె నిలిచిపోయిందా?"

"ఎప్పుడూ లేదు సార్. పదేళ్లలో ఒక్కసారి కూడా."

"అదే రాసి సంతకం పెట్టు. మనం అబద్ధం చెప్పొద్దు, నిజమే రాద్దాం."

రాశాను. సూచనల ప్రకారం తీగ తీసినప్పుడు మా పరీక్షల్లో ఏ లోపమూ కనబడలేదు అని. ఒక్క అక్షరం అబద్ధం లేదు. పాము చచ్చింది, కర్ర విరగలేదు. సంతకం పెట్టి వచ్చి టీ తాగాను. ఆ సిస్టర్, తాను తీగ ముట్టుకోనే లేదని చెబుతోందని విన్నాను. తప్పు చేసినవాళ్లు అలాగే అంటారులే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది, కానీ ఆ రోజు నాకేమీ అనిపించలేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

నా కాగితం చూసి ఆసుపత్రివాళ్లు ఆమెని పనిలోంచి పక్కన పెట్టారు. వచ్చే నెల పదో తేదీన విచారణ. పద్దెనిమిదేళ్ల ఉద్యోగమట. తీసేయడం ఖాయం అన్నారు సారు. ఆ మాట అంటూ గోడవైపు చూశారు.

మూడు వారాలు గడిచాయి. ఒక సోమవారం పదకొండింటికి బాబాయి సీటు దగ్గర చప్పుడు ఆగిపోయింది. మామూలుగా ఆయన చదువుతూ సణుగుతుంటారు, "ఓరి నీ ఇల్లు బంగారం కానూ, ఇదేం రాత!" అని. ఆ సణుగుడు లేదు. మధ్యాహ్నం క్యారేజీ తియ్యలేదు. మూడింటికి నా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, ఒకసారి నీ మెషిన్ పెట్టు. బటన్ నొక్కకుండా తీగ లాగు" అన్నారు.

"అలా లాగకూడదు కదా బాబాయ్. పరీక్ష కాగితంలో మొదటి లైనే బటన్ నొక్కమని."

"ఆ కాగితం అవతల పారెయ్. లాగు."

లాగాను. తెర మీద అంకెలు పోయి గీతలు వచ్చాయి, మానిటర్ కూత పెట్టింది. బాగానే ఉందన్నాను. మళ్లీ అన్నారు. మళ్లీ లాగాను. విసుగొచ్చింది. ఎనిమిదోసారో, తొమ్మిదోసారో లాగి తీగ చేత్తో పట్టుకుని తెర చూశాను. నాడి డెబ్భై రెండు. ఊడిన తీగ నా చేతిలో ఉంది. తెర మీద అంకె చెక్కుచెదరకుండా ఉంది. నలభైసార్లు లాగితే మూడుసార్లు అలా నిలిచిపోయింది.

"ఎవడు రాశాడు బాబాయ్ ఈ దరిద్రం?" అన్నాను. నా నోరు అంతే, ముందు అది పుట్టింది, తర్వాత నేను పుట్టాను.

"నేనే," అన్నారు.

సర్దుడు వరసలో ఆ రోజు, అందరి కెర్నెల్‌లోనే ఉన్న మా సొంత డ్రైవర్ వచ్చిందట. పదకొండేళ్ల కిందట ఆయనే రాసింది. తెరిచి పోక భాగం చదివితే, మొదట్లోనే ఆ జవాబు కనబడింది. కొలత తీస్తున్న మధ్యలో పెట్టె పోతే, "కుదరదు, పనిలో ఉన్నాను" అని చెప్పి అక్కడినుంచే వెనక్కి తిరగమని రాశారు.

"కొలత పాడవుతుందని భయపడ్డానే. కుదరదంటే కెర్నెల్ ఆగుతుంది, కొలత అయ్యాక మళ్లీ పిలుస్తుంది అనుకున్నా. అది వినదని అప్పటికి నాకు తెలీదు. ఊడిన తీగని ఎవడు ఆపుతాడు? పెట్టె పోయింది. నేను మాత్రం సర్దాల్సిందేదీ సర్దకుండా గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను. పెట్టె పోయిందని తెరకి చెప్పే లైను దాని కింద ఉంది. అక్కడిదాకా వెళ్లనే లేదు. తెర పాపం ఆఖరి అంకెనే పట్టుకుని కూర్చుంది."

"మరి బటన్ నొక్కితే?"

"కొలత ఆపి తర్వాత పంపిస్తుంది. అందుకే నీకెప్పుడూ దొరకలేదు. మొదట్లో పెట్టె నిమిషానికోసారి కొలిచేది, ఈ తప్పు బయటపడే సందే లేదు. ఇప్పటి పెట్టెలు క్షణం ఊరుకోవు కదా." తీగ నా చేతిలోంచి తీసుకుని, "దుప్పటి మార్చడానికి మంచం జరిపి ఉంటుందే ఆవిడ. తీగ లాగుడుపడి ఊడింది. జారిపోయే తీగ బటన్ నొక్కి జారుతుందా?" అన్నారు.

నాకు నా సంతకం గుర్తొచ్చింది. ఏడుపు వచ్చింది, ఆయన మీద అరిచాను. ఎందుకో తెలీదు. ఇన్నేళ్లు ఊరందరి వాకిళ్లూ ఊడ్చారు, మన ఇంట్లో చెత్త ఇప్పుడా కనబడింది అని. ఆయన తలొంచుకుని విన్నారు.

దిద్దడానికి అరగంట పట్టింది. అంతే. నాలుగు లైన్లు తీసి ఆరు కలిపారు. ముందు కొలత ఆపు, తర్వాత పెట్టె పోయిందని తెరకి చెప్పు, ఆ తర్వాత మిగతావి విప్పు. జవాబు ఎవరికీ చెప్పకు. రెండు రోజులు కూర్చుని నాలుగువందలసార్లు లాగాను. పొడిగా, తడిచేత్తో, వేలాడదీసి, మంచం జరిపినట్టు బల్ల జరిపి. ప్రతిసారీ గీతలు, కూత. వేళ్లు బొబ్బలెక్కాయి.

బాబాయి మార్పు కింద కారణం రాశారు. ఆఖర్న ఆ లైనూ రాశారు: ఈ తప్పు ఫలానా నంబరు మార్పుతో వచ్చింది. పదకొండేళ్ల కిందటిది, తన పేరుది. పంపేముందు సారుకి చూపించారు. నేనూ వెంట వెళ్లాను, పిలవకపోయినా.

సారు రెండుసార్లు చదివారు. "గురువుగారూ, దిద్దండి, ఎవరొద్దన్నారు? ఈ రోజే పంపండి. ఈ ఆఖరి లైను ఒక్కటీ తీసెయ్యండి. మామూలు సర్దుడు అని రాయండి. మీరు వందలు సర్దారు, అందులో ఇదొకటి. ఎవరూ చూడరు."

"ఆ లైను ఉండాలి సార్."

"లోకమంతా చదివేచోట మన మెషిన్‌లో పదకొండేళ్లుగా తప్పుందని మనమే దండోరా వేసుకోవాలా? రేపు ఒక్క ఆసుపత్రి మన సరుకు కొంటుందా? పద్నాలుగు మంది సార్ ఇక్కడ! మీకేం, రెండేళ్లలో ఇంటికెళ్లిపోతారు."

బాబాయి గొంతు పెంచలేదు. "పేరు కోసం కాదు సార్. పాత కెర్నెళ్లని చూసుకునేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లు ఈ లైను చూసే, ఏ దిద్దుబాటు వెనక్కి ఎంత దూరం పంపాలో తేల్చుకుంటారు. ఇది లేకపోతే ఇదేదో ఊడ్చే పని అనుకుని వదిలేస్తారు. దిద్దుబాటు కొత్త మెషిన్లకే వెళ్తుంది. మనం అమ్మిన పాతవి, ఇదే డ్రైవర్ పెట్టుకుని వేరేవాళ్లు అమ్మినవి ఎన్ని వార్డుల్లో ఉన్నాయో మనకి లెక్కే లేదు. అక్కడ ఈ అంకె ఇలాగే నిలిచిపోతూ ఉంటుంది."

సారు కుర్చీలో వెనక్కి వాలారు. "పదో తేదీ కానివ్వండి. తర్వాత చూద్దాం" అన్నారు.

నాకు మండిపోయింది. "పదో తేదీ తర్వాత ఎవరికి సార్ చూపిస్తారు? ఆవిడ ఉద్యోగం ఊడాకా? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారా? నా సంతకం నేను వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను తీసేస్తే తీసెయ్యండి!" అని తలుపు గట్టిగా వేసి వచ్చేశాను. ఇంటి అద్దె, మా అత్తగారి మందులు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. ధైర్యం నోటిదాకా ఉంటుంది నాకు, అక్కడినుంచి కిందకి దిగదు.

మర్నాడు మధ్యాహ్నం బాబాయి మర్చిపోయిన క్యారేజీ పట్టుకుని పిన్ని ఆఫీసుకి వచ్చింది. నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది.

"ఏమే, మీ బాబాయి నిన్నట్నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు. ఏదో లైను రాస్తే ఉద్యోగం పోతుందేమో, ఏమంటావు అని అడిగారు."

"నువ్వేమన్నావు పిన్నీ?"

"ఏమంటానే! పోయేది ఉద్యోగం ఒక్కటే అయితే పోనివ్వండి, రాయకుండా ఇంటికొచ్చి ఈ మొహం పెట్టుకుని కూర్చుంటే మీతో వేగలేను నేను అన్నాను. తిన్నారో లేదో చూడు, నేను వెళ్లొస్తా."

ఆయన తినలేదు. రెండున్నరకి నన్ను పిలిచి, "నువ్వు పక్కన నిలబడవే, నాకు చెయ్యి ఆడట్లేదు" అన్నారు. నిలబడ్డాను. ఆ లైనుతో సహా పంపేశారు. పంపి, లేచి, సారు గదికి వెళ్లి పంపేశానని చెప్పి వచ్చి, అప్పుడు క్యారేజీ తీశారు.

సారు ఆ వారమంతా మాతో మాట్లాడలేదు. నా రెండో కాగితం, బటన్ నొక్కకుండా చేసిన పరీక్షల లెక్కతో సహా, ఆయన బల్ల మీద పెట్టాను. చదివారో లేదో తెలీదు. పదో తేదీ పొద్దున కింద పాలిష్ దుకాణం ముందు కారు ఆపి హారన్ కొట్టారు. "ఎక్కండి. ఆ మానిటర్ కూడా తెచ్చుకోండి," అన్నారు. ఆసుపత్రి దగ్గర కారు దిగకుండా, "మీరు చెప్పాల్సింది చెప్పి రండి" అని రేడియో పెట్టుకున్నారు. నా రెండో కాగితం మీద తన సంతకం కూడా పెట్టి దాన్ని బాబాయి చేతికిచ్చారు.

విచారణ అంటే పెద్ద హాలు అనుకున్నాను. మందుల అట్టపెట్టెలు ఒక మూల పేర్చిన చిన్న గది. బల్ల వెనక పెద్ద డాక్టరూ, నర్సుల పెద్దావిడా. సిస్టర్ గోడవారగా కుర్చీ అంచున కూర్చుంది. నలభై దాటి ఉంటాయి. మా వైపు ఒకసారి చూసి చూపు తిప్పేసుకుంది. ఆ కాగితం రాసినవాళ్లమని ఎవరో చెప్పే ఉంటారు.

బాబాయి నిలబడే చెప్పారు. కెర్నెల్, డ్రైవర్ అంటే వాళ్లకేం తెలుస్తుంది? ఆ మాటలేవీ ఎత్తలేదు. "తీగ ఊడితే తెర మీద అంకె పోవాలండీ. పోకుండా నిలబడిపోయేలా పదకొండేళ్ల కిందట నేను తప్పు రాశాను. ఇదిగో ఆ తేదీ, ఇదిగో నా పేరు. ఆ రోజు ఈ అమ్మ ఏం చేసినా, ఏం చెయ్యకపోయినా ఆ అంకె అబద్ధమే చెప్పేది" అన్నారు.

డాక్టరు కాగితాలు తిరగేసి, "ముందు పంపిన కాగితంలో ఇలా లేదే?" అన్నారు.

"అది నేను రాశానండి," అన్నాను. "బటన్ నొక్కి మాత్రమే చూశాను. నొక్కకుండా ఏమవుతుందో చూడలేదు. నాదే తప్పు."

వాళ్లిద్దరూ తలలు దగ్గరపెట్టుకుని మాట్లాడుకున్నారు. రేపట్నుంచి పనిలోకి రమ్మన్నారు ఆమెని. అంతే, రెండు నిమిషాలు. ఫైలు మూసి లేచి వెళ్లిపోయారు.

గదిలో మేం ముగ్గురమే మిగిలాం. కృతజ్ఞతలు చెబుతుందేమో, చెబితే ఏమనాలా అని నేను సిగ్గులేకుండా ఆలోచిస్తున్నాను. ఆవిడ లేచి మా మానిటర్ దగ్గరికి వచ్చింది. తీగ బాబాయి వేలికి తగిలించి ఉంది, తెర మీద ఆయన నాడి ఎనభై ఎనిమిది చూపిస్తోంది.

"ఇప్పుడు బటన్ నొక్కాలా?" అంది.

"అక్కర్లేదమ్మా. ఎలా ఊడినా ఒకటే."

ఆవిడ చెయ్యి మానిటర్ వెనక్కి పోనిచ్చి తీగ లాగింది. ఎనభై ఎనిమిది పోయింది. రెండు గీతలు వచ్చాయి. మానిటర్ కూత పెట్టింది. ఆవిడ ఆ గీతల్నే చూస్తూ నిలబడింది. కూత ఆపడానికి నేను చెయ్యి చాపితే వద్దన్నట్టు నా మణికట్టు పట్టుకుంది. బిగించి పట్టుకుంది.

"ఐదు వారాలుగా నేను ఆ మంచమే తలుచుకుంటున్నానండీ," అంది. "దుప్పటి మడత సరిచేశాను. తెర చూశాను. మనిషిని చూడలేదు. అంకె బాగుందని మనిషిని చూడలేదు. ఈ గీతలు కనబడి ఉంటే ఆయన మొహం చూసేదాన్ని కదా?"

నేను అడ్డంపడి ఏదో అనబోయాను, మీ తప్పేం లేదండీ అని, అందరూ అనే మాటే. బాబాయి నన్ను ఆపారు. ఆయన కళ్లు నిండిపోయి ఉన్నాయి.

"చూసేవారమ్మా," అన్నారు. "మిమ్మల్ని చూడనివ్వంది నేను."